51 రూపాయల రసీదు

2019లో మా నాన్నగారు కాలం చేసిన పిమ్మట, పదవీ విరమణానంతరం ఖుర్సీపార్‌లో ఆయన కట్టుకున్న ఇంటిలో రేకుపెట్టెను తెరిచాము. భవిష్యనిధి కాగితాలు, జీవిత బీమా పత్రాలు, అరసవల్లి సూర్యనారాయణస్వామి పటం, వాటి అడుగున ప్లాస్టిక్ సంచిలో మడత నలగని ఒక రసీదు ఉన్నాయి. హిందీలో ముద్రించిన ఆ రసీదు మీద ‘క్రీడాంగణ్ నిర్మాణ్ నిధి, సహయోగ్ రాశి 51 రూపాయలు’ అని ఉన్నది. సంవత్సరం 1988, సంఖ్య 214. ఆయన పేరులో ఒక అక్షరం తప్పు పడింది. హిందీ చదవడం ఆయనకు అంతంతమాత్రమే కనుక ఆ తప్పును గమనించి ఉండరు.

భిలాయి చరిత్ర తెలిసినవారికి మా కుటుంబపు కథ కొత్తది కాదు. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయ్యే నాటికే శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలనుండి వేలాదిమంది కూలిపనికి ఇక్కడికి చేరారు. మొదట తట్ట మోసినవారి తమ్ముళ్ళు, కొడుకులు తరువాత కర్మాగారంలో కార్మికులయ్యారు. మా నాన్నగారు అటువంటి తమ్ముడే. ఆయన పని కోక్ ఓవెన్స్‌లో. ఉదయం ఆరు గంటల షిఫ్టు రెండింటికి ముగిసేది. మొహం మీద బొగ్గు మరకలు పూర్తిగా వదలకముందే, సైకిలు మీద నన్ను ముందు కూర్చోబెట్టుకొని ఆట చూడటానికి బయలుదేరేవారు. హాకీ అంటే ఆయనకు ప్రాణం. రాజ్‌నందగావ్ పక్కనే ఉన్న ప్రాంతంలో అది వింత కాదు. ఆ ఊరి పేరు చెబితే హాకీ గుర్తుకు రానివారు ఇక్కడ అరుదు.

టౌన్‌షిప్‌కు సమీపంలో విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాల ఒకటి ఉండేది. ఆ మైదానంలో అంతర్ కళాశాలల పోటీలు జరిగేవి. నాన్నగారు ఏ కళాశాల గడపా తొక్కినవారు కారు. అయినా ఆ జట్టును ‘మన జట్టు’ అనేవారు. గోల్‌కీపరు పేరు, లెఫ్ట్ అవుట్ ఆటగాడి ఊరు, వాడి తండ్రి ఏ మిల్లులో పనిచేస్తాడో కూడా ఆయనకు తెలుసు. 1988లో అక్కడ గ్యాలరీ కట్టాలని తలపెట్టి, అధ్యాపకులొకరు నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆదివారం పూట క్వార్టర్ల వరుసలన్నీ తిరిగారు. 51 రూపాయలు ఇచ్చినవారికి కింది వరుసలలో చోటు ఉంటుందని చెప్పారు. ఆ మాట కాగితం మీద లేదు. చరిత్ర విద్యార్థిగా ఇది ఒప్పుకోక తప్పదు: ఆ వాగ్దానానికి ఆధారం అప్పటికి ఎనిమిదేళ్ళున్న నా జ్ఞాపకం మాత్రమే. అమ్మ మాత్రం ఆ నెల పాలు సగానికి తగ్గించింది. అది నాకు ఇంకా బాగా జ్ఞాపకం.

1991లో గ్యాలరీ పూర్తయింది. ప్రారంభోత్సవపు ఆటకు నాన్నగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. “మన డబ్బులున్నాయి కదేటి అందులో,” అని దారిపొడుగునా నాతో అన్నారు. ద్వారం దగ్గర రంగు రిబ్బను గుచ్చుకున్న కుర్రవాడు పాసులు చూసి లోపలికి పంపుతున్నాడు. నాన్నగారు రసీదు చూపించారు. వాడు దానిని అటూ ఇటూ తిప్పి, “యే తో చందా హై చాచా, పాస్ నహీఁ” అన్నాడు. అందులో అమర్యాద ఏమీ లేదు. వాడికి ఇచ్చిన ఆజ్ఞ అది. కింది వరుసల ముందు షామియానా, దానికింద సోఫాలు, సోఫాలముందు పూలకుండీలు ఉన్నాయి. గోడకు తాపిన పాలరాతి ఫలకం మీద ముఖ్య అతిథి పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాలలోను, అయిదువేలకు మించి ఇచ్చినవారి పేర్లు వరుసగాను చెక్కారు. క్వార్టర్ల వరుసల పేర్లు లేవు.

నాన్నగారు కోపగించుకోలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకొని, గోల్‌పోస్టు వెనకనున్న మట్టిగట్టు ఎక్కించి, ఆట చివరిదాకా చూపించారు. ఆ గట్టు మీద మావంటివారు వందమంది దాకా ఉన్నారు. తరువాత ఆయన ఎప్పుడూ గట్టు మీదినుండే చూశారు. రావడం మానలేదు.

ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు శ్రీకూర్మం ఆలయ స్తంభాలమీది శాసనాలు చదవడం నాకొక వ్యసనంగా ఉండేది. వాటిలో చాలా భాగం అఖండదీపాలకు చేసిన దానాలు. రాజులవి, రాణులవి, సేనాపతులవి ఉన్నాయి. అంతగా పేరులేనివారివీ ఉన్నాయి. ఇటువంటి శాసనాలు ద్రాక్షారామంలోనూ అసంఖ్యాకం. దీపానికి కావలసిన నేతికోసం దాత పశువులను ఇస్తాడు, ఆలయం వాటిని బోయలకు అప్పగిస్తుంది, వారు నెయ్యి కొలిచి పోయాలి. ఈ ధర్మం ఆచంద్రార్కం నడవాలి. నన్ను ఆకట్టుకున్నది దానం కాదు, ఆ ఏర్పాటులోని కచ్చితత్వం. దాత ఏమి ఇచ్చాడో రాసినట్లే, పుచ్చుకున్నవారు ఏమి చేయాలో కూడా రాతి మీద రాశారు. ఇంకా వెనక్కు వెళితే అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని సమర్పించిన విధికుడు చర్మకారుడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చినట్లు ఆ శాసనం చెబుతుంది. తోలుపని చేసుకొనేవాని ఇంటిల్లిపాదీ నేడు చరిత్రలో ఉన్నారు. అయితే ఆ కాలం స్వర్ణయుగమని నేను అనను. రాతికి ఎక్కని దాతలు ఎందరో లెక్క తేలదు. రాయి చెక్కించడానికీ డబ్బు కావాలి కదా!

మా పెదనాన్నగారి మనుమడు అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే స్థిరపడ్డాడు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. అది మన ఫుట్‌బాల్ కాదు, అక్కడిది. చదువు ముగిసిన నాటినుండి ఏటా క్రీడావిభాగానికి విరాళం ఇస్తూ వచ్చాడు. విరాళానికి గుణాంకాలు, గుణాంకాలను బట్టి టికెట్టు కొనుక్కొనే హక్కు. టికెట్టు ధర వేరే. ఈ పద్ధతికి అక్కడి ఆదాయపు పన్ను చట్టమే చాలాకాలం అండగా నిలిచింది. 1988 నాటి చట్టం ప్రకారం సీటు హక్కు కోసం ఇచ్చిన సొమ్ములో నూటికి 80 వంతులు దానంగా లెక్కకు వచ్చేది. 2017 డిసెంబరులో ఆ మినహాయింపును తొలగించారు. అంతకుముందే, 1984లో, టెలివిజన్ ప్రసారాలమీద కళాశాలల జాతీయ క్రీడాసంఘానికున్న గుత్తాధిపత్యాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయడంతో, ప్రసార సంస్థల సొమ్ము వెల్లువెత్తింది. ఆట ఏ గంటకు మొదలుకావాలో మైదానానికి వచ్చేవాడు కాక ప్రసారం చేసేవాడు నిర్ణయించసాగాడు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం వల్ల ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు నేరుగా, తొలి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లదాకా చెల్లించవచ్చు. క్రీడాకారులకు అది న్యాయమే. ఇంతకాలం వారి చెమటతో ఇతరులు బాగుపడ్డారు. కాని ఆ సొమ్ముకు కూడా విరాళాలు పెంచమని మావాడికి ఉత్తరం వచ్చింది. పన్నెండేళ్ళు కూర్చున్న సీటు మరొకరి గుణాంకాలకు పోయింది. ఫోనులో వాడు చెబుతుంటే నాకు రిబ్బను కుర్రవాడు కనిపించాడు.

మనదేశంలో విశ్వవిద్యాలయ క్రీడలకు అటువంటి సంపద లేదు. మనకున్న చిన్నదాత ఎవరంటే, ప్రవేశ సమయంలో క్రీడారుసుము చెల్లించే ప్రతి విద్యార్థి. బంతి ముట్టనివాడూ చెల్లిస్తాడు. ఆ సొమ్ము ఏమయిందని అడగాలని వాడికి తోచదు. చెప్పాలని పుచ్చుకున్నవారికీ తోచదు.

భిలాయిలో వేరొక రకం అనుభవమూ ఉన్నది, అది చెప్పకపోతే అన్యాయం. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తరువాత ఈ రాష్ట్రపు మహిళా బాస్కెట్‌బాల్ జట్టు దేశంలోని మేటి జట్లలో ఒకటయింది. దాని వెనక శిక్షకుడు రాజేశ్ పటేల్ కృషి, పంత్ స్టేడియంలోని నిత్యసాధన ఉన్నాయి. పదవీ విరమణ తరువాత నాన్నగారు సాయంత్రాలు అక్కడికి కూడా వెళ్ళేవారు. గిరిజన గ్రామాలనుండి, ఇతర రాష్ట్రాలనుండి వచ్చిన ఆడపిల్లలు సాధన చేస్తుంటే కోర్టు అంచున నిలబడి చూసేవారు. ఎవరూ పొమ్మనలేదు. ఆటలో రాణించిన పిల్లలు పలువురు రైల్వేలో ఉద్యోగాలు సంపాదించుకొని, జాతీయ పోటీలలో రైల్వే తరఫున ఆడారు. “మన పిల్లలే మనల్ని ఓడిస్తన్నారు,” అని నవ్వేవారాయన. ఆ పిల్లలకు ఉద్యోగం రావడమే ఆయన దృష్టిలో గెలుపు.

ఇక నా సంగతి. 2016లో, మొదట చెప్పిన ఆ కళాశాల మైదానంలో జరిగిన పోటీలకు నన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. పిలిచినది నన్ను కాదు, నా పదవిని. ఒక సమావేశం ముగియక నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. రెండు జట్లూ మైదానం మధ్య వరుసలు తీరి ఎండలో నిలబడి ఉన్నాయి. పుష్పగుచ్ఛం అందుకొన్నాను, క్రీడాస్ఫూర్తిని గురించి నాలుగు మాటలు చెప్పాను, షామియానా కింద సోఫాలో కూర్చున్నాను. అది ఏ చోటో నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు అన్నారు: “ఆట ఆలీసెం సేసినావు గదరా బాబూ. పిల్లలు ఎండలో నిలబడిపోనారు.”

ఆయన ఆ రోజు వచ్చినట్లు నాకు తెలియదు. ఎక్కడ కూర్చున్నారని అడిగాను. “ఎప్పుడూ కూకున్న కాడే,” అన్నారు. నాతో చెప్పి ఉంటే కారులో తీసుకువెళ్ళి పక్కన కూర్చోబెట్టేవాడినని అన్నాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు. పక్కన సోఫా వేయించడం నా చేతిలో పని. గట్టు మీద మిగిలినవారి మాట నాకు ఆ క్షణాన తోచలేదని ఆయనకు అర్థమయి ఉంటుంది.

రసీదు దొరికిన తరువాత ఆ కళాశాలకు వెళ్ళాను. వృద్ధుడైన గుమాస్తా ఒకాయన రెండు రోజులు వెదికి, చెదలు తిన్న కట్టలనుండి మూలప్రతుల పుస్తకం బయటికి తీశాడు. సంఖ్య 214 అందులో ఉన్నది, అదే అక్షరదోషంతో. ముందువెనకల మిగిలిన కాగితాలు తిరగేస్తే సగానికి పైగా మనవారి ఇంటిపేర్లే. గ్యాలరీకి మరమ్మతులు జరుగుతున్నాయి కనుక, ఆ పుస్తకంలో చదవగలిగిన పేర్లన్నిటినీ ఒక ఫలకం మీద రాయించవలసిందనీ, ఖర్చులో కొంత నేను భరిస్తాననీ లేఖ రాశాను. పదవి హోదాను పేర్కొనకుండా, సంఖ్య 214 గల దాత కుమారుడినని మాత్రమే సంతకం చేశాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉన్నదట. ఆ వాక్యాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్ని వందల దస్త్రాలమీద రాశానో నాకే తెలియదు. ఆ జవాబును రసీదుతోపాటు అదే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గుమాస్తాగారి సలహా మీద రెండవ లేఖ రాశాను. ఈసారి పేర్ల పట్టికను కూడా జతపరిచాను. నాన్నగారి పేరులోని అక్షరాన్ని సరిదిద్దాను.