తగిన తరగతి

మనము పూజాగృహపు గడప దాటనీయని జంతువు కుక్క. అయినను భారతకథకు మొదటను కుక్క యున్నది, తుదను కుక్క యున్నది. ఆదిపర్వమున సరమ యను దేవశునకము బిడ్డ యే తప్పును చేయకయే జనమేజయుని తమ్ములచే దెబ్బలు తినెను. మహాప్రస్థానమున ధర్మరాజు తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాననెను. ఈ రెండు కథలను చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదువుకొంటిని. అవి నాకు లోకవ్యవహారమున పనికివచ్చినది అమెరికాలో నున్న మా చెల్లెలి కుక్క విషయమున.

మా చెల్లెలును మఱిదిగారును ఒహాయో రాష్ట్రమున కాపురమున్నారు. మూడేండ్ల క్రిందట దిక్కులేని జంతువులను పోషించు నొక శరణాలయమునుండి సంకరజాతి ఆడుకుక్కను తెచ్చుకొనిరి. నుదుట తెల్లని మచ్చ యుండుటచే దానికి చుక్క యని పేరిడిరి. మునుపటి యింట నేమి బాధలు పడినదో కాని, ఎవరైన చేయి పైకెత్తినచో అది నేలకంటుకొని పోయెడిది. పెద్ద చప్పుడైనచో దిక్కు చూడక పఱుగెత్తెడిది. దానికి ధైర్యము కలిగింపవలెనని మా చెల్లెలు ర్యాలీ యను విద్య నేర్పసాగెను.

ఆ విద్య యెట్టిదో చెప్పెదను. ఒక ఆవరణలో వరుస సంఖ్యలు వేసిన పలకలు నిలుపుదురు. కూర్చుండబెట్టుము, చుట్టు తిరుగుము, నెమ్మదిగా నడువుము, అని యొక్కొక్క పలకపై నొక్కొక్క పని సూచింపబడి యుండును. కుక్కను ఎడమప్రక్క నడిపించుచు, పలకలు చదువుకొనుచు, ఆ పనులు చేయించుచు పోవలెను. కుక్కతో మాటలాడవచ్చును, మెచ్చుకొనవచ్చును. కాని చేతితో ముట్టరాదు, తినుబండారము చూపరాదు. నూఱు మార్కులతో మొదలిడి తప్పులకు తగ్గించుకొని పోవుదురు. 70 మార్కులు మిగిలిన ఉత్తీర్ణత. ఇద్దఱికి తక్కువ కాని న్యాయనిర్ణేతల యెదుట మూడు పర్యాయములు ఉత్తీర్ణత నొందినచో మొదటి బిరుదు లభించును. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారు 2005 జనవరి 1 నుండి ఈ బిరుదుల నిచ్చుచున్నారు. 2010 నుండి సంకరజాతి కుక్కలను గూడ పోటీకి చేర్చుకొనుచున్నారు.

ఇందు ప్రధానమైన మెట్లు ఐదు: నావిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, ఎక్సలెంట్, మాస్టర్. (ఈ ఇంటర్మీడియట్ మన పిల్లలు కాలేజీలో చదువునది కాదు సుమా!) మొదటి రెండు మెట్లయందు కుక్క మెడకు త్రాడుండును, తక్కినవానిలో నుండదు. నావిస్‌లో 10 మొదలు 15 పలకలు. అడ్వాన్స్‌డ్‌లో 12 మొదలు 17 పలకలును, దూకవలసిన అడ్డు ఒకటియు. ఎక్సలెంట్‌లో 15 మొదలు 20 పలకలును, రెండు అడ్డులును. నావిస్ బిరుదు లేనిదే పైమెట్టు నెక్కరాదు. ఆ నావిస్‌లో మరల ఏ, బీ యని రెండు విభాగములు. కుక్కకు గాని, నడిపించువారికి గాని ఇదివఱకు బిరుదు లేనిచో ఏ విభాగము. పైగా ఆ కుక్క నడిపించువారిది గాని, వారి కుటుంబమువారిది గాని కావలెను. బీ విభాగమున ఎవరైనను నడిపింపవచ్చును. పలకలయందు గాని, మార్కులు వేయు పద్ధతియందు గాని రెంటికిని భేదము లేదు.

దరఖాస్తు వ్రాయువేళ మా చెల్లెలికి చిక్కు కలిగినది ఇచ్చటనే. పొరుగింటి పెద్దమనిషి యొకాయన రెండు కుక్కలకు బిరుదులు తెచ్చినవాడు. ఆయన దయతో, “మీకు చేయి వణకుచున్నది. చుక్కను నేను బీ విభాగమున నడిపించెదను, బిరుదు తప్పక వచ్చును” అనెను. ఏ విభాగము పిల్లలాట వంటిదని మఱియొకరు చెప్పిరి. ఆ రాత్రి చెల్లెలు ఫోనులో, “అక్కయ్యా! నా చేత నడిపించిన ఓడిపోవునేమో. ఆయన చేత నడిపించిన గెలుచును. ఏది చేయుదును?” అని యడిగెను.

నాకు వెంటనే మా వీధియరుగు జ్ఞప్తికి వచ్చినది. మావారు బడిపంతులు. ప్రతి జూన్ మాసమునను ఎవరో యొకరు వచ్చి, “పంతులుగారూ, మావాడిని ఒక తరగతి మీదికి ఎక్కింపుడు” అని వేడుకొందురు. ఒక తరగతి క్రిందికి దింపుడని యడిగినవారిని ఈ పండ్రెండేండ్ల కాపురమున నేను చూచి యెఱుగను. ఎక్కింపబడిన బిడ్డకు పాఠము తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాదు. తుదకు మొద్దని పేరు పడును. తప్పు తరగతిది, దెబ్బలు బిడ్డవి. సరమ బిడ్డ పడిన పాటు ఇదియే గదా! బడిపిల్లవాడు ఏ నాటికైన నోరు విప్పి చెప్పుకొనును. కుక్క కా మాత్రమును లేదు.

కావున చెల్లెలితో నిట్లంటిని: “అమ్మాయీ! తరగతి యనునది గౌరవపీఠము కాదు; మీ యిద్దఱిని గూర్చి నీవు వ్రాసి యిచ్చు సత్యము. నీవును క్రొత్తదానవే, చుక్కయు క్రొత్తదే. ఆయన నడిపించిన బిరుదు వచ్చునేమో కాని, భయపడినప్పుడు నీ ముఖము చూడవలెనని చుక్క యెట్లు నేర్చుకొనును? దేనికొఱకు ఈ విద్య మొదలిడితివో దానినే అడుగుము.”

ఆమె ఏ విభాగమునకే వ్రాసెను. మొదటి దినమున మూడు పలకల వద్ద చుక్క కదలక నిలిచిపోయెను. తప్పిన పలకకు పదేసి మార్కులు పోవును గనుక 64 తో వెనుకకు వచ్చిరి. చెల్లెలు కోపపడలేదు, బండిలో దానిని ఒడిలోనికి తీసికొని కూర్చున్నదట. ఆ పొరుగాయనయే తరువాత నెలలపాటు ఓర్పుతో ఆమెకు నడక నేర్పెను. పిమ్మట 78, 83, 88 వచ్చినవి. బిరుదు వచ్చినది. ఉత్తీర్ణులకిచ్చు ఆకుపచ్చని రిబ్బనులు మూడును వారి వంటింటి గోడకు వ్రేలాడుచున్నవి.

అంతట రెండవ చిక్కు. ఇంటర్మీడియట్ తప్పనిసరి కాదు. నావిస్ తరువాత తిన్నగా అడ్వాన్స్‌డ్‌కు పోవచ్చును. “పెరటిలో త్రాడు లేకయే చక్కగా నడుచుచున్నది గదా, నడుమ నీ మెట్టెందుకు?” అని మఱిదిగారి వాదము. పెరటికి కంచె యున్నది, అపరిచితులు లేరు, చప్పట్లు లేవు, అని చెల్లెలి సమాధానము. త్రాడుతో నుండు ఇంటర్మీడియట్‌కే వ్రాసిరి. అది 2017లో చేర్చిన తరగతి; చుక్క వంటి వారి కొఱకే చేర్చిరేమో యని నాకు తోచును. పోటీ నడుమ ప్రేక్షకులలో నెవరిదో యినుపకుర్చీ దబ్బున పడెను. చుక్క ఎగిరిపడి ప్రక్కకు లాగెను, త్రాడు బిగిసెను, అది చెల్లెలి ముఖము చూచి మరల నడిచెను. త్రాడు బిగిసినందులకు ఒక్క మార్కు పోయెను. త్రాడు లేకున్నచో నేమగునో మఱిదిగారు తామే చెప్పిరట.

అమ్మలారా! మనలో పెక్కుమంది యిండ్లయందు ఈ పోటీ లేదు. తరగతు లెన్నుకొనుట మాత్రము ప్రతి యింటను కలదు. సంగీతపరీక్షకు, నాట్యప్రదర్శనమునకు, పట్టణపు బడికి మన పిల్లల పేర్లు వ్రాయుచునే యున్నాము. నియమావళి చదివిన ఎక్కడ చేరవచ్చునో తెలియును. ఎక్కడ చేర్పవలెనో అందు లేదు. దానికై ఆ జంటలో బలహీనముగ నున్నవారి ముఖము చూడవలెను. పై తరగతి యెక్కడికిని పోదు. ఒకసారి బెదరిన ప్రాణికి నమ్మకము మరల కుదురుటకు మాత్రము ఏండ్లు పట్టును.

ఇప్పుడు మఱిదిగారు సాయంకాలములందు చుక్కను ఉద్యానమునకు తీసికొనిపోయి, పొడుగాటి త్రాడు కట్టి, దానిని దినదినమును కొంచెము కొంచెము వదులు చేయుచున్నారట. అడ్వాన్స్‌డ్‌కు దరఖాస్తు ఎప్పుడని నేనడిగితిని. “చుక్క చెప్పినప్పుడు, వదినగారూ” అనిరి.