పోయినవాళ్ళ గుమ్మటాలు

"అరె, సాయిబులా! తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!"

ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మెచ్చుకోలు వింటున్నాను. వరంగల్‌లో పుట్టినవాణ్ణి. తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు పత్రికలో వార్తలు రాసి ఇరవై ఏళ్ళుగా పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. నేను తెలుగు మాట్లాడితే వింత ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మెచ్చుకునేవాళ్ళకు దురుద్దేశం ఉండదు. నవ్వి ఊరుకుంటాను. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ సొంత ఇంట్లో చుట్టంలా కుర్చీ అంచున కూర్చున్నట్టు ఉంటుంది.

ఆ మధ్య పత్రిక పని మీద రోమ్ వెళ్ళాను. పని అయ్యాక మూడు రోజులు మిగిలాయి. అందరూ వెనిస్ చూడమన్నారు. నేను మాత్రం విమానమెక్కి సిసిలీ దీవిలో ఉన్న పలెర్మో వెళ్ళాను. దానికి కారణం మా అబ్బా. ఆయన ఉర్దూ మీడియం స్కూల్లో జుగ్రాఫియా చెప్పేవారు. ఒకరోజు ఇంట్లో గోడకున్న ప్రపంచపటాన్ని తీసి తలకిందులుగా తగిలించారు. "సిసిలీలో రోజర్ అని ఒక క్రైస్తవ రాజు ఉండేవాడు. ఆయన కొలువులో అల్ ఇద్రీసీ అనే మన ముసల్మాను 1154లో ప్రపంచపటం గీశాడు. అందులో దక్షిణం పైన ఉంటుంది, ఇదిగో ఇలా" అన్నారు. అమ్మీ వచ్చి "పటం సీదా పెట్టండి, పిల్లాడు ఫేలవుతాడు" అని కోప్పడింది. అబ్బా పోయి పదేళ్ళయింది. ఆ తలకిందుల పటం మాత్రం నా తలలో ఇంకా వేలాడుతూనే ఉంది.

పలెర్మోలో పాత ఊరంతా నడిపించి చూపించే రెండు గంటల టూరొకటి తీసుకున్నాను. పొద్దున పదింటికి పోర్తా నువోవా అనే పెద్ద దర్వాజా దగ్గర పదకొండు మందిమి కలిశాం. గైడు ఒక పెద్దావిడ. చేతిలో పసుపు గొడుగు, మెడలో చిన్న శిలువ. రిటైరైన పంతులమ్మనని చెప్పి అందరి పేర్లూ అడిగింది. నా పేరు వినగానే ఆవిడ ముఖం విప్పారింది. "అయితే ఈ ఊరు మీవాళ్ళు కట్టిందే!" అంది. గుంపంతా నా వైపు చూసింది. అబద్ధం ఎందుకు, ఒళ్ళు పులకరించింది. మా ఊళ్ళో అద్దె ఇల్లు దొరకనివాడికి ఇక్కడ ఏకంగా ఊరే రాసిచ్చారు.

ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా ఉండలేదు. తలెత్తి దర్వాజా చూశాను. దాన్ని మోస్తున్నట్టు నలుగురు మనుషుల రాతి బొమ్మలున్నాయి. గడ్డాలూ తలపాగాలతో పెద్ద ఆకారాలు. కొందరి చేతులు ఛాతీ మీద కట్టేసి ఉన్నాయి. కొందరికి చేతులే లేవు. అయిదో చార్లెస్ చక్రవర్తి 1535లో ట్యూనిస్‌ను జయించి ఈ దారినే ఊళ్ళోకి వచ్చాడట. ఆ విజయానికి గుర్తుగా తర్వాత దర్వాజా కట్టి, ఓడిపోయిన మూర్లను దాని మీద చెక్కారు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను. ఊరు కట్టింది మావాళ్ళయితే ఈ చేతులు లేనివాళ్ళు ఎవరివాళ్ళు? నాకు అడగాలనిపించింది కానీ టూరు అప్పుడే మొదలయింది, పసుపు గొడుగు ముందుకు కదిలింది.

పక్కనే నార్మన్ రాజుల కోట. లోపలికి వేరే టికెట్టు, కాబట్టి ఆవిడ బయటే నిలబడి చెప్పింది. నేను ముందు రోజే లోపల ప్రార్థనా మందిరం చూసి వచ్చాను. గోడల మీద బంగారు మొజాయిక్‌లో ఏసుక్రీస్తు, గ్రీకు అక్షరాలు. తలెత్తితే తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా చెక్కిన కొయ్య కప్పు, దాని మీద అరబ్బీ రాత. రోజర్ రాజు 1142లో నీటి గడియారం పెట్టించి దాని సంగతి లాటిన్, గ్రీకు, అరబ్బీ మూడు భాషల్లోనూ రాతి మీద చెక్కించాడు. టైము ఎంతయిందో చెప్పడానికి మూడు భాషలు. అప్పటి ఊరు అలాంటిది.

అక్కడి నుంచి పెద్ద చర్చికి వెళ్ళాం. అరబ్బులు రాకముందు అక్కడ చర్చి ఉండేది. వాళ్ళు 831లో ఊరు పట్టుకున్నాక జుమా మసీదయింది. 1072లో నార్మన్లు వచ్చాక మళ్ళీ చర్చి అయింది. చెబుతూ చెబుతూ గైడమ్మ దక్షిణం వైపు వాకిట్లో ఒక స్తంభం దగ్గర ఆగింది. పాత రాతి స్తంభం. దాని మీద అరబ్బీ అక్షరాలు. ఖురాన్‌లో అల్ అరాఫ్ సూరాలోని ఆయత్. చర్చి వాకిట్లో అది ఇన్ని వందల ఏళ్ళుగా అలాగే ఉంది.

"మీరు చదవగలరా?" అని ఆవిడ నన్ను అడిగింది.

చదివాను. చిన్నప్పుడు మౌల్వీసాబ్ బెత్తం పట్టుకుని నేర్పిన చదువు. కూఫీ అక్షరాలు తడబెట్టాయి. కానీ మొదటి మాటలు పోల్చుకోగానే మిగతాది నోటికి దానంతటదే వచ్చేసింది. పక్కనున్న డచ్చి కుర్రాడు "అర్థం ఏమిటి?" అన్నాడు.

నాకు అర్థం తెలియదు.

మాలో చాలామందిమి ఇంతే. అరబ్బీ చదవడం వచ్చు, అర్థం రాదు. నమాజులో కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, ఏ మాటకు పెట్టుకున్నామో చెప్పలేం. ఆ సంగతి అంతమంది ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ చిన్నబుచ్చలేదు. ఆకాశాన్నీ భూమినీ ఆరు రోజుల్లో సృష్టించినవాడే మీ దేవుడని అందులో ఉందని నెమ్మదిగా చెప్పింది. నా ఆయత్‌కు అర్థం, మెడలో శిలువ ఉన్న పంతులమ్మ, నాది కాని ఇంగ్లీషులో చెబితే విన్నాను. సిగ్గనిపించింది. కాసేపటికి సిగ్గు పోయి మనసు తేలికపడింది. మీవాళ్ళు మీవాళ్ళు అని ఆవిడ అంటున్న ఆ అరబ్బులు నా వాళ్ళు కారు. మా తాతల తాతలు ఓరుగల్లు మట్టిలో పుట్టి, ఏ దర్గా నీడలోనో కలిమా చదువుకున్నవాళ్ళు. మా ఊళ్ళో నన్ను అరబ్ దేశాల నుంచి ఊడిపడ్డవాడిలా చూస్తారు. ఇక్కడ ఈవిడ ప్రేమతోనే చూసినా అదే పొరపాటు చేసింది.

చర్చి నుంచి తిన్నగా సముద్రం వైపు పోయే వీధి పేరు కసారో. అరబ్బీలో అల్ ఖస్ర్, అంటే కోట. నడుస్తూ ఆవిడ మాటల మూట విప్పింది. సిసిలీలో కల్తనిసెత్తా, కల్తజిరోనే అని ఊళ్ళున్నాయి. ఆ 'కల్త' అంటే ఖలా, అదీ కోటే. నాకు మా ఖిలా వరంగల్ గుర్తొచ్చింది. కాకతీయులు కట్టిన కోటకు ఆ అరబ్బీ మాట ఎప్పుడు అతుక్కుందో గానీ, మా ఊళ్ళో ఆటో ఎక్కే ఏ ముసలమ్మకూ అది పరాయిమాటగా తోచదు. ఇటలీలో కస్టమ్స్ ఆఫీసును దొగానా అంటారు. అది దివాన్ నుంచి వచ్చింది. మా దాదీమా కథల్లో దొర ఉండే దివాణం కూడా దాన్నుంచి వచ్చిందే. గోదాముకు వాళ్ళ మాట మగజ్జీనో. మన ఖజానా, అదీ ఒకే అరబ్బీ ధాతువు పిల్లలు.

అప్పుడు నేను నోరు విప్పాను. "మీ జుక్కెరో మాత్రం మా దగ్గర్నుంచి వచ్చింది" అన్నాను. సంస్కృతంలో శర్కర పార్సీలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, చెరకుతో పాటు ఈ దీవిలో దిగింది. అదే మాట మా తెలుగులో చక్కెర, మా ఇంటి ఉర్దూలో షక్కర్. టూరు మొత్తంలో నేను గర్వంగా చెప్పుకోగలిగిన నా సొంత వాటా అదొక్కటే. అది ముసల్మానుగా వచ్చిన వాటా కాదు. గైడమ్మ పుస్తకం తీసి రాసుకుంది.

క్వాత్రో కాంతి అనే నాలుగు రోడ్ల కూడలి దాటి బెల్లీనీ చౌరస్తాకు చేరాం. అక్కడ మూడు ఎర్ర గుమ్మటాలు కనిపించాయి. "మసీదు!" అన్నాను. కాదట. శాన్ కతాల్దో చర్చి. నార్మన్ల కాలంలో చర్చిగానే కట్టారు. ఒకప్పుడు అందులో పోస్టాఫీసు నడిచింది. ఆ ఎరుపు పందొమ్మిదో శతాబ్దంలో మరమ్మతు చేసినవాళ్ళు వేసింది. గుమ్మటం కనిపిస్తే మసీదే అనుకునే చూపు మావాళ్ళలోనూ ఉంది, ఎదుటివాళ్ళలోనూ ఉంది. నాది కూడా అదే చూపని ఆ పూట తెలిసింది.

దాని పక్కనే మార్తొరానా చర్చి. 1184లో అందులుసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ క్రిస్మస్ నాడు దీన్ని చూశాడు. పండక్కి వచ్చిన క్రైస్తవ స్త్రీలు ముసల్మాను స్త్రీల్లాగే బురఖాలు వేసుకుని, గోరింట పెట్టుకుని, అరబ్బీ మాట్లాడుతూ వచ్చారని ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. అదే యాత్రలో ఇక్కడి ముసల్మానుల గుండెల్లో ఉన్న భయాన్ని కూడా రాసుకున్నాడు.

ఆ భయం గురించే అడిగాను. "మరి వాళ్ళంతా ఏమయ్యారు?"

ఆవిడ గొడుగు కిందికి దించింది. 1189లో రాజు చనిపోగానే ఊళ్ళో ముసల్మానుల మీద దాడులు జరిగాయి. బతికినవాళ్ళు కొండల్లోకి పారిపోయారు. తర్వాత రెండో ఫ్రెడరిక్, అరబ్బీ విద్వాంసులతో స్నేహం చేసిన రాజే, తిరగబడ్డవాళ్ళను వేల సంఖ్యలో ఓడలెక్కించి ఇటలీ ప్రధాన భూమి మీద లుచేరా అనే ఊరికి తరలించాడు. 1300లో మరో రాజు ఆ ఊరినీ ఖాళీ చేయించి మనుషుల్ని బానిసలుగా అమ్మేశాడు. నేను ఇంకో సంగతి కూడా గుర్తు చేసుకున్నాను. 831లో అరబ్బులు ఈ ఊళ్ళోకి పూలదండలతో రాలేదు. ఏడాది ముట్టడి పెట్టి, ఆకలితో మాడ్చి తీసుకున్నారు. ఆ లెక్క కూడా లెక్కే.

టూరు ఆఖరున ఒక సన్న వీధిలో ఆగాం. వీధి పేరు బోర్డు మీద ఇటాలియన్, హీబ్రూ, అరబ్బీ మూడు భాషలున్నాయి. ఒకప్పటి యూదుల పేట. 1492లో స్పెయిన్ రాజు ఇచ్చిన ఆజ్ఞతో సిసిలీ యూదులు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది. పోయినవాళ్ళ గుర్తుగా ఈ బోర్డులు. 2015లో ఇక్కడి అరబ్ నార్మన్ కట్టడాలను యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిందని ఆవిడ గర్వంగా చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం.

చప్పట్లు కొడుతుంటే నాకు హైదరాబాద్‌లో ఒక ఇంటాయన గుర్తొచ్చాడు. ఫోన్‌లో నా తెలుగు విని ఇల్లు ఇస్తానన్నాడు. వెళ్ళి పేరు చెప్పాక "మాకు చుట్టాలొస్తున్నారండీ" అన్నాడు. వాళ్ళ హాల్లో గోడ మీద చార్మినార్ బొమ్మ ఉంది, అందమైన బొమ్మ. ఆయన మంచివాడే. మంచినీళ్ళిచ్చాడు, మా హలీం గురించి, గజల్స్ గురించి ప్రేమగా మాట్లాడాడు. మా కట్టడాలు కావాలి, మా వంటలు కావాలి, మా పాటలు కావాలి. పైవాటాలో మేం మాత్రం వద్దు. పలెర్మో అంత పని చేసింది కాబట్టే ఇప్పుడు ఇంత ప్రేమగా చూపించగలుగుతోంది. పోయినవాళ్ళు అద్దె అడగరు, నీళ్ళ పంపు దగ్గర పోట్లాడరు. నేను ఎవరి వారసత్వమూ కాదలుచుకోలేదు. పక్కింటివాడిగా ఉంటే చాలు.

టూరయ్యాక బల్లారో బజారుకి వెళ్ళాను. ఒక బంగ్లాదేశీ కిరాణా కొట్టు కనబడింది. కొట్టాయన "సలామలేకుమ్" అన్నాడు. నేను ఆనందంగా ఉర్దూ అందుకున్నాను. ఆయన సినిమా హిందీలో రెండు ముక్కలు చెప్పి, "మా భాష బంగ్లా భాయ్. దానికోసం 1952లో మా పిల్లలు ప్రాణాలిచ్చారు, తెలుసుగా?" అన్నాడు. తెలుసు. ఉర్దూను నెత్తిన రుద్దితేనే వాళ్ళు చచ్చిపోయారనీ తెలుసు. ముసల్మాను కనబడితే ఉర్దూ వచ్చి తీరాలని నేను కూడా అనుకున్నాను మరి. సారీ చెప్పాను. ఆయన నవ్వి టీ పోశాడు. "మీది ఏ భాష?" అని అడిగాడు. "ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. కలలో ఏది వస్తే అది" అన్నాను.

అంతలో ఆయన కొడుకు స్కూలు సంచీతో వచ్చాడు. పదకొండేళ్ళుంటాయి, పుట్టింది ఇక్కడే. గిరాకీలతో పలెర్మో యాసలో గలగలా మాట్లాడుతున్నాడు. "వీడికి బంగ్లా కంటే ఇదే బాగా వచ్చు" అన్నాడు తండ్రి. "ఇవాళ కూడా కొత్త టీచరమ్మ అందట, 'అరె, ఇటాలియన్ ఎంత బాగా మాట్లాడుతున్నావే' అని."

"మరి నువ్వేమన్నావు?" అని తండ్రితో అడిగించాను.

పిల్లవాడు భుజాలెగరేసి ఏదో అన్నాడు. తండ్రి నవ్వుతూ చెప్పాడు: "'మీరు కూడా బాగానే మాట్లాడుతున్నారు టీచర్' అన్నాడట."

నలభై ఏళ్ళుగా ఆ జవాబు నాకు తట్టలేదు. చక్కెర ఎక్కువేసిన ఆ టీ తాగుతూ దాన్ని తెలుగులో రెండుసార్లు, ఉర్దూలో ఒకసారి అనుకుని చూసుకున్నాను.