డిబేట్ మార్కులు గొంతుకేనా?

క్లాసులో డిబేట్‌కి మార్కులున్నాయనగానే పిల్లలు చేసే మొదటి పని, ఎవరో రాసిచ్చిన స్పీచ్‌ని బట్టీ పట్టడం. అక్కడే చర్చ సగం చచ్చిపోతుంది.

వరల్డ్ స్కూల్స్ అనే డిబేట్ పద్ధతిలో నూటికి 40 మార్కులు విషయానికి, 40 మాట్లాడే తీరుకి, 20 వ్యూహానికి. ఏ వాదన ముందు పెట్టాలి, దేనికెంత టైమివ్వాలి, అవతలి జట్టు మాటల్లో అసలు కీలకమేది అన్నవి ఆ 20లోకి వస్తాయి. చాలా బళ్లలో తర్ఫీదు లేనిది వాటికే.

'16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా వద్దు' అన్న అంశమే తీసుకోండి. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసింది, 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. ఆ మాట చెప్పి కూర్చుంటే సరిపోదు. "అకౌంట్ తెరిస్తే మా అమ్మానాన్నలకి జరిమానానా?" అని అవతలి బెంచీ అడుగుతుంది. అక్కడ జరిమానా పిల్లలకీ తల్లిదండ్రులకీ కాదు, కంపెనీలకి, అదీ 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా. చట్టం చదివిన పిల్ల తడుముకోకుండా జవాబిస్తుంది.

అందుకే ప్రాక్టీసులో జట్లని తారుమారు చేయాలి. నిన్న అనుకూలంగా మాట్లాడినవాళ్లు ఇవాళ వ్యతిరేకంగా. నోటుపుస్తకం పేజీకి నిలువుగా గీత కొట్టించి, ఎడమవైపు వాళ్లన్నది, కుడివైపు మన జవాబు రాయించాలి. కుడివైపు ఖాళీగా మిగిలిన చోటే మర్నాటి హోంవర్కు.

గొంతు పెగలని పిల్లలు చాలాసార్లు ఆ పేజీని అందరికంటే బాగా నింపుతారు. ఆ పేజీకీ మార్కులుంటాయని టీచరు మొదటిరోజే చెప్పాలి.