ఏడడుగుల తలుపుకు ఏ స్క్రూ?

2017 వేసవిలో మా బావ వడ్రంగి షెడ్డు కోసం సీఎన్‌సీ రూటర్ సొంతంగా కట్టడం మొదలుపెట్టాం. టేకు తలుపుల మీద లతలూ హంసలూ చెక్కించాలంటే బయట మెషిన్ ఉన్నవాళ్ల దగ్గర వారాల తరబడి వంతు కోసం ఆగాల్సి వచ్చేది. ఫ్రేము, మోటార్లు, కంట్రోలరు సంగతి త్వరగానే తేలింది. మోటారు తిరుగుడును కదలికగా మార్చే బాల్ స్క్రూల దగ్గర పని ఆగింది.

మామూలు మరల స్క్రూ చౌకే. కానీ అందులో నట్టు మరను రాసుకుంటూ కదులుతుంది, మోటారు బలంలో సగానికి పైగా ఆ రాపిడికే పోతుంది. బాల్ స్క్రూలో నట్టుకీ మరకీ మధ్య ఉక్కు బాల్స్ దొర్లుతాయి. దాదాపు 90 శాతం బలం పనికి అందుతుంది. అందుకని అదే కావాలనుకున్నాం. అయితే ఏ సైజు?

బాలానగర్‌లో మాకు తెలిసిన టర్నర్ ఒకాయన ఉండేవారు. లేతు పని చేసీ చేసీ చేతులు నల్లబడ్డ పెద్దాయన. నేను గ్రేడుల గురించి అడగబోతే ఆపేశారు.

"ముందు పొడవు చెప్పు బాబూ. గ్రేడు తర్వాత చూద్దాం."

తలుపు ఏడడుగులు, కాబట్టి స్క్రూ సుమారు రెండున్నర మీటర్లు ఉండాలి. ఆయన సుద్దముక్కతో రేకు మీద లెక్క వేశారు. 16 మిల్లీమీటర్ల స్క్రూ అంత పొడవుంటే నిమిషానికి మూడు వందల చుట్లు దాటగానే ఆడపిల్లలు ఆడే తాడులా ఊగుతుంది. పొడవు రెట్టింపైతే తిరగగల వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. లావు పెంచితే వేగం అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. అలా పొడవు దిక్కుకు 25 మిల్లీమీటర్ల స్క్రూ, 10 మిల్లీమీటర్ల లీడ్ (ఒక్కో చుట్టుకు నట్టు జరిగే దూరం) ఖాయమయ్యాయి. అడ్డం దిక్కు నాలుగడుగులే, దానికి 1610, అంటే 16 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల లీడ్ ఉన్నది, సరిపోయింది. పైకీ కిందికీ కదిలే స్పిండిల్‌కు మాత్రం ఆయన 5 మిల్లీమీటర్ల లీడ్ ఉన్న 1605 చెప్పారు. బాల్ స్క్రూకు తనంతట తాను ఆగే గుణం లేదు. కరెంటు పోతే బరువైన స్పిండిల్ స్క్రూను తిప్పుకుంటూ చెక్క మీదికి దిగిపోవచ్చు. లీడ్ తక్కువైతే ఆ ప్రమాదం తగ్గుతుంది.

గ్రేడు దగ్గర ఆయన తీర్పు నాకు ఇప్పటికీ గుర్తు. రోలింగ్‌లో చేసిన సీ7 స్క్రూలో 300 మిల్లీమీటర్లకు 0.05 దాకా తేడా ఉండొచ్చు. సీ5లో అది 0.018. ధర మాత్రం ఎక్కడికో పోతుంది. "టేకు వానాకాలంలో ఎంత ఉబ్బుతుందో మీ బావనడుగు. సీ7 చాలు. మిగిలిన డబ్బు బేరింగులకు పెట్టు" అన్నారు.

రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఆయనే డయల్ గేజ్ తెచ్చారు. స్క్రూను కదలకుండా బిగించి, నట్టును ముందుకీ వెనక్కీ నెట్టి వదులు ఎంతుందో చూశారు. ఒకదాని మీద ముల్లు స్పష్టంగా కదిలింది, పక్కన పెట్టించారు. ఇంకోదాని మీద కదిలీ కదలనట్టుంది. అదే తీసుకున్నాం. పైకి రెండూ ఒకేలా మెరుస్తున్నాయి!

స్క్రూ చివర్లను లేతు మీద కోసేటప్పుడు రజను లోపలికి పోకుండా నట్టును ప్లాస్టిక్ కాగితంతో చుట్టేశారు. స్క్రూ పైపొర గట్టిది కాబట్టి కార్బైడ్ టూలు వాడారు. మోటారు వైపు యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జత, రెండో వైపు మామూలు బేరింగు. స్క్రూ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేది ఆ జతే. అది వదులైతే ఎంత ఖరీదు స్క్రూ అయినా దండగే. బిగించేటప్పుడు స్పిండిల్‌ను మోసే గ్యాంట్రీని ఒక్కో చివరికీ తోసి, అక్కడ స్క్రూ సహజంగా కుదురుకున్నాకే బోల్టులు బిగించాం. ఈ పనికి పట్టినంత సమయం కొనడానికి పట్టలేదు, పట్టకూడదు కూడా.

మెషిన్ ఇప్పటికీ నడుస్తోంది. టేకు పొట్టు గ్రీజుకు అంటుకోకుండా స్క్రూలకు బెల్లోస్ తొడుగులు వేశాం.

కట్టబోయేవాళ్లకు నా మాట ఒకటే. పొడవు తేలకుండా స్క్రూ కొనకండి, డయల్ గేజ్ లేకుండా కొట్టుకు వెళ్లకండి. నట్టును స్క్రూ మీంచి ఊరికే తీయకండి, బాల్స్ నేల మీద పడతాయి. తీయాల్సి వస్తే మర అడుగు లావుకు సరిపోయే గొట్టం ఆనించి, దాని మీదికి జరపండి.