మా మామ్మ కాలమానము

మా మామ్మ తొంబదియేండ్లకు పైబడి జీవించినది. సరిగా ఎన్నియేండ్లో మా ఇంటిలో ఎవరికిని తెలియదు. ఆమె పుట్టిన దినమును వ్రాసియుంచినవారు లేరు. ఆమెకు అక్షరములు రావు. అడిగినచో, "రేవు తెరిచిన యేడు మా అయ్య బుజాల మీద కూకుని ఓడను చూశాను" అనెడిది. విశాఖపట్టణపు రేవు 1933లో తెరవబడినది. భుజములపై ఎక్కించుకొను పిల్లకు ఐదేండ్లుండును గదా యని మా నాన్నగారు లెక్కకట్టి, ఆమె 1928 ప్రాంతమున పుట్టినదని నిశ్చయించిరి. ఆధార్ కార్డు వ్రాయించుటకు పోయినప్పుడు అచ్చటి యువకుడు 1928 జనవరి 1 అని వేసికొనెను. వరుసలో నున్న మరి ఇద్దరు ముసలివారికిని నెల, తేదీ అవియే పడినవి. మామ్మ అది విని, "మమ్మల్నందరినీ ఒక్క పూటే కన్నారేటి?" అని నవ్వినది.

తేదీలతో పనిలేని కాలమానము ఆమెది. మా నాన్నగారు "బాంబుల యేడు దాటి రెండో చోళ్ళ పంటకు" పుట్టిరి. మా మేనత్త "నెహ్రూగారు ఓడను నీళ్ళలోకి దింపిన యేడు" పుట్టినది. 'జల ఉష' అను ఆ ఓడ జలప్రవేశము చేసినది 1948 మార్చి 14వ తేదీన. పాఠశాలలో చరిత్ర తేదీలు నాకెన్నడును నిలిచెడివి కావు. మామ్మ చెప్పినవి మాత్రము నేటికిని మరపునకు రాలేదు.

మధురవాడ నేడు విశాఖ మహానగరములో భాగము. ఆమె కాపురమునకు వచ్చిననాడు అది పట్టణమునకు సుమారు పది మైళ్ళ దూరమున, విజయనగరము వైపు పోవు బాట ప్రక్కన నున్న పల్లె. తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, చోళ్ళ చేలు తప్ప మరేమియు లేవు. ఆమె అత్తవారింట అడుగుపెట్టిన కొన్ని నెలలకే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు విశాఖ రేవుపై బాంబులు వేసినవి. మరణించినవారు కొలదిమందియే యైనను, భయము పట్టణమంతటను వ్యాపించినది. జనులు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని పల్లెలకు తరలిరి. ఆ యేడే ఆంధ్ర విశ్వవిద్యాలయమును సైతము గుంటూరునకు మార్చిరి.

మామ్మకు అప్పుడు పదునాలుగేండ్లు. అత్తగారి ఆజ్ఞపై పెద్ద కుండతో చోడి అంబలి కాచి, బాట ప్రక్కన చింతచెట్టు క్రింద కూర్చుండి, వచ్చినవారికెల్ల పోసినది. ఆ వచ్చినవారిలో రేవు కూలివాని భార్య యొకతె, మూడేండ్ల కూతురితో మా పశువులశాలలో నలువది దినములు తలదాచుకొన్నది. భర్త వచ్చి తీసికొనిపోవునాడు ఆమె తన యొద్దనున్న ఇత్తడి చెంబును మామ్మ చేతిలో పెట్టినది. ఆమె ఏమని పెట్టినదో గాని, ఇంటివారందరును అది కానుక యనిరి. మామ్మ ఒప్పుకొనలేదు. "ఇచ్చిందని ఎవరన్నారు? దాచమని ఇచ్చింది. అడగడానికి వస్తది" అనెడిది.

ఆ చెంబుతో ఎవరును నీళ్ళు త్రాగుటకు వీలులేదు. పండుగ ముందు చింతపండుతో తోమి, మరల అటుక మీద పెట్టెడిది.

1955 ప్రాంతమున మా తాతయ్య జ్వరముతో పోయిరి. ఇరువదియేడేండ్లు నిండని మామ్మకు ఇద్దరు పిల్లలు, షావుకారు వద్ద అప్పు మిగిలినవి. ఇంటిలోని సామానులు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయినవి. చెంబును కూడ అమ్ముమని బంధువులు చెప్పగా, ఆమె తన చెవుల కమ్మలు తీసి ఇచ్చినది. తరువాత ఆమె చెవులకు నేను చూచినవి చీపురుపుల్లలే. కోడికూతకు లేచి, వేసవిలో ముంజెలు, జీడిమామిడి పండ్లు, వానకాలమున చింతచిగురు గంపకెత్తుకొని పట్టణమునకు నడచెడిది. తిరిగి వచ్చునప్పుడు గంపలో నూకలుండెడివి. ఆ నూకల మీదనే మా నాన్నగారు పది తరగతులు చదివి, పట్టణములో బట్టల కొట్టున గుమాస్తాగా చేరిరి.

1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతయు ఎలుగెత్తినప్పుడు ఆయనయు ఊరేగింపులలో నడచిరి. నవంబరు 1వ తేదీన పట్టణములో పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ రాత్రి నాన్నగారు ఇల్లు చేరలేదు. తెల్లవారకమునుపే మామ్మ బయలుదేరినది. కొట్టు వెనుక గదిలో తోటి గుమాస్తాలతో కొడుకు నిద్రించుచుండుట చూచి, లేపకయే గడపలో కూర్చున్నదట. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు కర్మాగారమునకు శంకుస్థాపన చేయుదురని తెలిసి, "దాని కోసం నా కొడుకు పోయేవాడే. అదేటో చూడొద్దా?" అని పట్టుబట్టి పోయి, జనములో దూరముగా నిలిచి చూచి వచ్చినది. నేను పుట్టినది "రాయి వేసిన యేడు".

2005 ఏప్రిల్ 5న మధురవాడ క్రీడాంగణములో భారత, పాకిస్తాను జట్లు తలపడినవి. ధోనీ 148 పరుగులు చేసినది ఆనాడే. వాహనములు నిలిచిపోయి జనులు మా వీధి వెంట గుంపులుగా నడచుచుండగా, మామ్మ ఉలిక్కిపడి, "ఏటిరా గుంటడా, మళ్ళీ బాంబులేసారా?" అని నన్నడిగినది. ఆట అని చెప్పితిని. ఎండలో నడచువారికి ఆట యైనను దాహము దాహమే యని, బిందె తెప్పించి సాయంకాలము వరకు గుమ్మము వద్ద నీళ్ళు పోయించినది. అటుక మీది చెంబును మాత్రము ఆనాడును దింపనీయలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పాత ఇంటి పెంకులను ఎగురగొట్టినది. గాలి తగ్గిన పిమ్మట ఆమె మొట్టమొదట అడిగినది చెంబునే. బురదలో దొరికినది. అంచున చిన్న సొట్ట పడినది. దానిని నిమిరి నిమిరి, "ఆ యమ్మకి ఏటి చెప్పనురా?" అని బాధపడినది. ఆ తల్లి జీవించియుండు ననుట అసంభవమని మేమందరము ఎరుగుదుము. మామ్మయు ఎరుగును. "ఆవిడ లేకపోతే ఆ పిల్ల ఉండదేటి?" అన్నది.

2019 వేసవిలో మామ్మ కన్నుమూసినది. మాది ఇప్పుడు మేడ, అటుక లేదు. చెంబు వంటగది అలమరలో పై వరుసన నున్నది. సంక్రాంతికి ముందు మా అమ్మ దానిని దింపి, సొట్ట దగ్గర నెమ్మదిగా, చింతపండుతో తోముచుండును.