ఎలైన్ ప్రత్తిచేలు

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమునకు తూర్పుటెల్లగా మిసిసిపీ మహానది ప్రవహించుచున్నది. దాని యొడ్డున హెలీనా పట్టణము. అచ్చటినుండి దక్షిణముగా పోయినచో ఎలైన్ అను చిన్న యూరు. కొండయు గుట్టయు గానరావు. వరదలు తెచ్చిపోసిన యొండ్రునేల, చూపుమేర ప్రత్తి పండిన భూములు. గుంటూరు సీమలో ప్రత్తి తీయు కాలము నెఱిగిన సోదరీమణులకు ఆ తెల్లదనమును నేను వర్ణింప నక్కఱలేదు. ప్రత్తివెంట వచ్చు అప్పులసంగతియు చెప్ప నక్కఱలేదు.

1919లో ఆ చేలను దున్నినవారు నల్లవారు. బానిసత్వము 1865లోనే చట్టరీత్యా తొలగినను, వారు పంటలో పాలునకు సేద్యము చేయుచు, తిండిగింజలు మొదలు గుడ్డలవఱకు యజమాని కొట్టునందే అరువు దెచ్చుకొని, పంట చేతికి వచ్చిననాడు అతడు చెప్పిన లెక్కకు తలయూపవలసియుండెను. ఆ యేడు ప్రత్తికి మంచి ధర పలికినది. మా లెక్క మాకు వ్రాసియిండని యడుగుటకై రైతులు సంఘము గట్టి, న్యాయవాదిని గుదుర్చుకొన నుద్యమించిరి. అదియే వారి యపరాధము!

సెప్టెంబరు 30వ తేది రాత్రి హూప్ స్పర్ అనుచోట, చర్చిలో వారు ఆలుబిడ్డలతో సమావేశమై యుండగా తుపాకులు మ్రోగెను. వెలుపల నొక తెల్లవాడు మరణించెను. మఱునాడు ఆయుధములతో గుంపులు దిగెను. పిదప సైనికులు వచ్చిరి. తెల్లవారైదుగురు చనిపోయిరి. నల్లవారు నూటికి పైగా హతులైరని పలువురు చరిత్రకారుల యంచనా. నల్లవారే కుట్ర పన్నిరని ఊరి పెద్దలు ప్రకటించిరి. కొరడాలతో గొట్టి సాక్ష్యములు చెప్పించిరి. కొన్ని నిమిషముల విచారమాత్రముననే జూరీలు పన్నెండుగురిని మరణశిక్షకు పాత్రులని తేల్చినవి.

వారిలో నొకని జాబు చికాగోలోని ఐడా బి. వెల్స్ అను నామెకు చేరెను. ఆమెయు 1862లో బానిసగా బుట్టినదే. హెలీనాకు ఎగువను, అదే నదీతీరమున నున్న మెంఫిస్‌లో పత్రిక నడుపుచు, నల్లవారిని గుంపులు చంపుటను ఖండించినందులకు 1892లో ఆమె కార్యాలయము ధ్వంసమైనది. తిరిగి వచ్చిన చంపెదమని బెదిరించిరి. ఇంచుమించు ముప్పదియేండ్లు దక్షిణదేశమున నడుగిడని యామె 1920 జనవరిలో ఆర్కన్సా రాజధానియగు లిటిల్ రాక్‌నకు బయలుదేరెను.

విరాటుని కొలువున సైరంధ్రియై యున్న ద్రౌపది నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఐడా ఖైదీల బంధువునని చెప్పుకొని, వారి భార్యలతోను తల్లులతోను గలిసి చెఱసాలకు బోయెను. కావలివాడు వార్తాపత్రికలో మునిగియుండెను. పేద యాడువారి గుంపును ఎవడు పరికించును? ఒకతె యామె పేరు ఖైదీల చెవిని వేయగానే వారి మొగములు వికసించెనట. వారు మరణమును, పరలోకమును గూర్చి కీర్తనలు పాడిరి. ఆమె విని, చావునుగూర్చి కాదు, బ్రదుకుటకై, విడుదలకై ప్రార్థింపుడని వారిని హెచ్చరించెను.

అపరాధపరిశోధక నవలలలో భూతద్దములు, అడుగుజాడలు నుండును. ఈమె యడిగినవి గృహిణు లడుగు ప్రశ్నలే. నీ వెన్ని యెకరములు దున్నితివి? ఎంత ప్రత్తి, ఎంత మొక్కజొన్న పండెను? ఇంటిలో సామాను లేమి? అవి యిప్పు డెవరి యింట నున్నవి? చెఱనుండి విడుదలయై ఇల్లు చేరిన భార్యలకు ఇల్లు ఖాళీగా గనబడినది. తన సామానును యజమానుల యింటనే చూచినట్లు ఒకతె చెప్పినది. ఈ లెక్కలనన్నిటిని గూర్చి ఐడా ఆ యేటనే చిన్న గ్రంథము ప్రకటించెను. కుట్ర యెవరిదో అందు తేటపడినది: పంట ఎవరికి దక్కెనో చూచిన చాలును.

స్కిపియో ఆఫ్రికానస్ జోన్స్ అను నల్లజాతి న్యాయవాది మున్నగువారు వ్యాజ్యమును విడువక నడపిరి. గుంపుల భయముచే నడచిన విచారణము న్యాయవిచారణము కాజాలదని 1923లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1925 జనవరినాటికి పన్నెండుగురును విడుదలైరి.

2019లో హెలీనా న్యాయస్థానమున కెదురుగా మృతులకు స్మారకచిహ్నము వెలసినది. ఆ యేడే ఎలైన్‌లో వారి జ్ఞాపకార్థము ఒక విల్లో మొక్కను నాటిరి. ఆగస్టులో ఎవరో దానిని మొదలంట నఱికి, ప్రక్కనున్న ఫలకమును గూడ నెత్తుకొనిపోయిరి.