ఒంటరి దారిలో ఆకాశవాణి

అమెరికా అనగానే మనకు గుర్తొచ్చేవి ఆకాశాన్నంటే భవనాలు, ఆరేసి వరసల హైవేలు. కానీ నెవాడా రాష్ట్రాన్ని అడ్డంగా దాటే 50వ నంబరు జాతీయ రహదారి సంగతి వేరు. ఎటు చూసినా బూడిదరంగు పొదలు, దూరంగా కొండలు, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. కొన్నిచోట్ల అరగంట పోయినా నరమానవుడు కనిపించడు. 1986లో లైఫ్ పత్రిక దీనికి అమెరికాలోకెల్లా ఒంటరి రహదారి అని పేరు పెట్టింది. నెవాడావాళ్లు దానికి చిన్నబుచ్చుకోలేదు సరికదా, ఆ పేరునే బోర్డుల మీద రాయించుకున్నారు. ఈ దారిన వెళ్లేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. ఊరూరా ఆగి అందులో ముద్ర వేయించుకోవాలి. కావలసినన్ని ముద్రలు పడ్డాక పంపిస్తే, 'ఒంటరి దారిలో బతికి బయటపడ్డారు' అని ధ్రువపత్రం ఇస్తారు!

ఈ దారి మీద మోటారుసైకిల్‌పై వెళ్లాలన్నది మా బావగారి చిరకాల కోరిక. 2024 సెప్టెంబరులో అది తీరింది. వెనక సీటులో నేను.

అక్క పెట్టిన షరతు

అక్కావాళ్లుండేది కాలిఫోర్నియాలోని ఫోల్సమ్‌లో. సాఫ్ట్‌వేర్, చిప్ కంపెనీల పుణ్యమా అని అక్కడ మన తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. 50వ నంబరు రహదారి ఆ ఊరి మీదుగానే వెళ్తుంది. అక్కడికి కాస్త పడమరగా, వెస్ట్ శాక్రమెంటోలో రోడ్డు మొదలయ్యేచోట ఓ బోర్డు ఉంటుంది: 'ఓషన్ సిటీ, మేరీల్యాండ్ 3073 మైళ్లు' అని. అంటే దేశం ఆ చివరిదాకా దాదాపు 4,950 కిలోమీటర్లన్నమాట.

బావగారి బండి 2006 నాటి హోండా గోల్డ్‌వింగ్. 1832 సీసీ, ఆరు సిలిండర్లు. బరువు నాలుగు వందల కిలోలకు పైమాటే. చేత్తో వెనక్కి నెట్టడం కష్టమని దీనికి రివర్సు సదుపాయం కూడా పెట్టారు. వెనక కూర్చునేవాళ్లకు వీపు ఆనించుకునే సీటు, చేతులకు ఆసరా, ముందువైపు స్పీకర్లు... చక్రాలు రెండే అయినా కారు లక్షణాలన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఉపగ్రహ రేడియో. గోల్డ్‌వింగ్‌లలో కొన్నింటికి కంపెనీయే దాన్ని బిగించి ఇవ్వడం 2009 మోడల్ నుంచి మొదలైంది.

అక్క బెంగంతా బావగారి నిద్ర గురించే. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడతాయి. 'ఎఫ్ఎం రాదు, ఫోను పలకదు, మలుపులు లేవు. అలాంటి రోడ్డు మీద మెలకువగా ఎలా ఉంటారండీ? చెవిలో ఏదో ఒక మాట పడే ఏర్పాటు చేసుకుంటేనే బయల్దేరండి' అని తేల్చి చెప్పేసింది.

ఫోనులో పాటలు దాచుకుంటే సరిపోదా అని నాకో సందేహం. బావగారు నవ్వారు. 'దాచుకున్న పాటలన్నీ మనకు తెలిసినవే కదా. ఘంటసాల పాట మొదలవగానే చివరిదాకా మనసులో నడిచిపోతుంది, కన్ను మూసుకుపోతుంది. రేడియోలో తర్వాత ఏమొస్తుందో తెలీదు. నిద్ర రానివ్వనిది అదే' అన్నారు.

పై నుంచి పాట

మామూలు ఎఫ్ఎం స్టేషను టవర్‌కి వంద కిలోమీటర్లు దూరం జరిగితే చాలు, గరగర తప్ప ఇంకేమీ వినపడదు. ఉపగ్రహ రేడియోకి ఆ బాధ లేదు. అమెరికాలో ఎక్స్ఎం సంస్థ 2001లో, సిరియస్ 2002లో ప్రసారాలు మొదలుపెట్టాయి. 2008లో రెండూ కలిసిపోయి సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి. ఎక్స్ఎం మొదట పంపిన రెండు ఉపగ్రహాలకు సరదాగా 'రాక్', 'రోల్' అని పేర్లు పెట్టారు. అవి భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమితోపాటే తిరుగుతూ ఉండేవి. తర్వాత వాటి స్థానంలోకి కొత్తవి వచ్చాయి. చందా కట్టినవాళ్లకు దేశంలో ఏ మూలనున్నా అదే ఛానల్, అదే స్పష్టతతో వినిపిస్తుంది.

ఇది మనకు బొత్తిగా కొత్తేం కాదు. వరల్డ్‌స్పేస్ గుర్తుందా? 2000లో ప్రయోగించిన ఏషియాస్టార్ ఉపగ్రహం నుంచి మన దేశంలోనూ ఇలాంటి రేడియో వచ్చేది. కిటికీ దగ్గర చిన్న పలక లాంటి యాంటెన్నా పెట్టుకుంటే, తెలుగు పాటలకు 'స్పందన', కర్ణాటక సంగీతానికి 'శ్రుతి' ఛానళ్లు వినిపించేవి. మాతృసంస్థ 2008లో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. ఎంత మంచి రేడియో పెట్టె అయినా పైనున్నది పలికినంత కాలమే పలుకుతుంది.

గ్యారేజీలో ఓ శనివారం

కారులో అయితే ఇది గంటలో అయ్యే పని. మోటారుసైకిల్‌కి ఒక పూటంతా పట్టింది. ఎండ, వాన, అదురు... మూడింటినీ తట్టుకునేలా బిగించాలి మరి.

మొదటి చిక్కు యాంటెన్నాతో. అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ల అది. అడుగున అయస్కాంతం ఉంటుంది. కారు పైకప్పుకైతే టక్కున అతుక్కుంటుంది. గోల్డ్‌వింగ్ వెనక పెట్టె మూతేమో ప్లాస్టిక్! అందుకని మూతను స్పిరిట్‌తో తుడిచి, బలమైన రెండువైపులా అంటుకునే టేపుతో ఓ సన్నటి ఇనుప రేకు అతికించి, దానిమీద బిళ్లను కూర్చోబెట్టారు. రేకు అడుగున ఉంటే సిగ్నల్ కూడా మెరుగ్గా అందుతుంది. ముందువైపు అద్దం దగ్గర పెట్టొచ్చు కదా అంటే, నడిపేవాళ్ల ఒళ్లే ఆకాశానికి అడ్డొస్తుందన్నారు. వెనక పెట్టె మీదైతే నెత్తిన అంతా ఖాళీయే.

రెండోది కరెంటు. నేరుగా బ్యాటరీకి కలిపితే బండి ఆపాక కూడా రేడియో కరెంటు తాగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. అందుకే తాళం తిప్పితేనే కరెంటొచ్చే తీగకు, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టి కలిపారు. ఆ ఎడారిలో బండి స్టార్టు కాకపోతే దిక్కెవరు? ఫ్యూజు ఖరీదు ఎంతో ఉండదు కానీ తీగ ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే బండిని కాపాడేది అదే.

తీగల్ని సీటు కిందుగా తెచ్చి, హ్యాండిల్ దగ్గర కాస్త వదులుగా ఉంచారు. నన్ను హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పమని, ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకున్నాకే ప్లాస్టిక్ పట్టీలు వేశారు. రేడియో పెట్టెకు నీళ్లు పడవు కాబట్టి దాన్ని మూత ఉన్న అరలో దాచి, దాని పాట బండి స్పీకర్లలోకి వచ్చేలా ఆక్స్ తీగ కలిపారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చుగా అనుకుంటారేమో. కాలిఫోర్నియాలో రెండు చెవులూ అలా మూసుకుని బండి నడపడం నేరం.

ఇంజిను స్టార్టు చేయగానే పాట వెనక సన్నగా 'కుయ్...'మని ఈల. యాక్సిలేటర్ పెంచితే ఈల కూడా పెరుగుతోంది. బండిలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ చప్పుడు తీగల్లోంచి స్పీకర్లలోకి దూరుతోందన్నమాట. ఆక్స్ తీగ మధ్యలో ఐసోలేటర్ అనే అగ్గిపెట్టెంత పరికరం పెట్టాక గానీ అది నోరు మూయలేదు.

చివరగా చందా. గ్యారేజీ కప్పు కింద సిగ్నల్ రాదు కాబట్టి బండిని వాకిట్లోకి తోసి, దక్షిణం దిక్కున చెట్ల అడ్డు లేకుండా నిలబెట్టాం. రేడియో నంబరు చెప్పి చందా కట్టిన కాసేపటికి ఒక్కొక్క ఛానలూ తెరుచుకుంది. చేతులు తుడుచుకుంటూ బావగారు గర్వంగా అక్కవైపు చూశారు.

అక్క మాత్రం ఒకటే ప్రశ్న వేసింది. 'బాగానే ఉంది. అది మీకు చెబుతుంది. మీకేమైనా అయితే ఎవరికి చెబుతుంది?'

ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఫోనులు పలికేది ఊళ్లలోనే. కాబట్టి ప్రతి ఊళ్లో పుస్తకంలో ముద్ర వేయించుకోగానే అక్కకు ఫోను చేయాలని ఒప్పందం కుదిరింది.

గుర్రాలు పరుగెత్తిన దారి

లేక్ టాహో మీదుగా మొదటిరోజు ఫాలన్ చేరి రాత్రికి ఆగాం. అక్కణ్నుంచి ఈలీ దాకా 413 కిలోమీటర్లు. మధ్యలో చెప్పుకోదగ్గ ఊళ్లు రెండే... ఆస్టిన్, యురేకా.

ఫాలన్ దాటిన అరగంటకు ఎడమవైపు శాండ్ మౌంటెన్ కనిపిస్తుంది. దాదాపు 180 మీటర్ల ఎత్తున్న ఇసుక గుట్ట. ఇసుక జారేటప్పుడు మూలిగినట్టు శబ్దం చేస్తుందంటారు. దాని దాపునే పోనీ ఎక్స్‌ప్రెస్ మజిలీ శిథిలాలున్నాయి. 1860లో మిస్సోరీ నుంచి కాలిఫోర్నియాకు గుర్రాల మీద ఉత్తరాలు మోసిన సర్వీసు అది. పదిహేను, ఇరవై కిలోమీటర్లకోసారి గుర్రాన్ని మారుస్తూ, సుమారు మూడువేల కిలోమీటర్ల దూరం పదిరోజుల్లో చేరవేసేవారు. కొంతకాలం దానికి పడమటి కొస మా అక్కావాళ్ల ఫోల్సమే! 1861 అక్టోబరులో టెలిగ్రాఫ్ తీగలు దేశాన్ని కలిపేశాయి. అంతే, పద్ధెనిమిది నెలలకే గుర్రాల పని అయిపోయింది.

ఎఫ్ఎం ఎప్పుడో చేతులెత్తేసింది. ఉపగ్రహ రేడియో మాత్రం గుక్క తిప్పుకోకుండా పలుకుతోంది. బండి వేగం పెరిగితే గాలి హోరుకు తగ్గట్టు శబ్దం తనంతట తనే పెరుగుతోంది. లారీ డ్రైవర్ల కోసం 'రోడ్ డాగ్ ట్రకింగ్' అని ప్రత్యేకంగా ఓ ఛానలుంది. డీజిల్ ధరలు, యజమానుల మీద ఫిర్యాదులు, ఇంటిమీద బెంగ... అచ్చం మన హైవే పక్క దాబాలో మంచం మీద కూర్చుని విన్నట్టే ఉంది. బావగారు నవ్వుతున్నారంటే ఆయన భుజాలు కదలడం చూసి తెలుసుకున్నాను. మిడిల్‌గేట్‌లో కాఫీకి ఆగాం. అదీ ఒకనాటి గుర్రాల మజిలీయే. ఇప్పుడు పైకప్పు నిండా ప్రయాణికులు అంటించిన డాలరు నోట్లు.

వెండి గనులతో వెలిసిన ఆస్టిన్‌లో ముద్ర వేయించుకుని, 'ఇంకో గంటన్నరలో యురేకా నుంచి చేస్తాం' అని అక్కకు ఫోను చేశాం. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు.

ఆగిపోయిన రెండు గంటలు

హికిసన్ కనుమ దగ్గర రోడ్డుపక్కన ఓ పెద్దాయన సైకిల్ పక్కనే కూలబడి ఉన్నాడు. డెబ్భై ఏళ్లుంటాయి. టైరు చీలిపోయింది. సీసాల్లో నీళ్లు అయిపోయి చాలాసేపయిందట. పెదాలు ఎండిపోయాయి, మాట తడబడుతోంది. మా నీళ్లు కొద్దికొద్దిగా తాగించాం. తడిగుడ్డ మెడకు చుట్టి, బండి నీడలో కూర్చోబెట్టాం. ముగ్గురి ఫోనుల్లోనూ సిగ్నల్ లేదు. బావగారు తాళం తీయలేదేమో, రేడియోలో ఎవరో హాయిగా పాడుతూనే ఉన్నారు. 36 వేల కిలోమీటర్ల నుంచి పాట వస్తోంది, మా కేక మాత్రం నాలుగు కిలోమీటర్లు కూడా పోదు. బావగారు తాళం తిప్పేశారు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

వచ్చిన మొదటి రెండు కార్లలో సైకిల్‌కి చోటు లేదు. మాలో ఒకరం ఎక్కి వెళ్దామా అంటే, పెద్దాయన్ని ఇద్దరం పట్టుకుని ఉండాల్సిన పరిస్థితి. ఆ డ్రైవర్లు మిగతా నీళ్లిచ్చి, ముందు ఊళ్లో చెబుతామని వెళ్లారు. చివరికి ఓ రైతు పికప్ బండి ఆగింది. మనిషినీ సైకిల్‌నీ ఎక్కించుకుని యురేకా తీసుకెళ్లింది. వెనకే మేమూ బయల్దేరాం.

యురేకాలో ఫోనుకి సిగ్నల్ అందేసరికి నాలుగు కావస్తోంది. ఒకసారి మోగీ మోగకముందే అక్క ఎత్తింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, 'రేడియో బాగా పాడిందా?' అంది. నాలుగున్నరకు షెరిఫ్ ఆఫీసుకు ఫోను చేద్దామని నంబరు రాసి పెట్టుకుందట. పెద్దాయన సంగతి చెప్పాక ముందడిగింది ఆయన గురించే. ఆయన అప్పటికే తేరుకుని, క్లినిక్ బయట కూర్చుని సూప్ తాగుతున్నాడు.

ఆ రాత్రి ఈలీలో పాత రైల్వే స్టేషన్ దగ్గర నడుస్తూ బావగారు చెప్పిన మొదటి మాట, 'ఇంటికెళ్లగానే ఇంకో పెట్టె బిగించాలి, ఈసారి మన మాట పైకి పంపేది' అని. తిరిగొచ్చిన వారానికే కొన్నారు. జేబులో పట్టే ఈ ఉపగ్రహ పరికరంతో ఎక్కడినుంచైనా చిన్న సందేశం పంపొచ్చు, ప్రమాదంలో మీట నొక్కి సాయం అడగొచ్చు. 2022 నుంచి కొన్ని కొత్త ఫోనుల్లోనే ఈ సదుపాయం వస్తోంది.

మీరూ వెళ్లాలనుకుంటే...

మే, జూన్, సెప్టెంబరు నెలలు అనువైనవి. చలికాలంలో కనుమల మీద మంచు పడుతుంది. ఊరు కనిపించినప్పుడల్లా పెట్రోలు నింపుకోవాలి. ఫాలన్, ఆస్టిన్‌ల మధ్య దూరమే 177 కిలోమీటర్లు. మీకు కావలసినదానికి రెట్టింపు నీళ్లు పెట్టుకోండి, దారిలో ఇంకొకరికి అవసరం కావచ్చు. రేడియో ఉన్నా లేకపోయినా నిద్రొస్తే బండి ఆపి ఓ కునుకు తీయడమే మందు. ఓపికుంటే ఈలీ నుంచి ఇంకో గంట వెళ్లి గ్రేట్ బేసిన్ జాతీయ పార్కు చూడండి. రాత్రిపూట అక్కడి నక్షత్రాలు చేతికందేలా ఉంటాయి.

బావగారి ధ్రువపత్రం ఇప్పుడు వాళ్ల హాల్లో వేలాడుతోంది. దాని పక్కన ఇంకో మేకు కొట్టి ఉంది. వచ్చే మే నెలలో వెనక సీటు అక్కదట.